విత్తనము వెనుక విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయమనగానే పట్టణములోని పెద్ద భవనములు, పరీక్షలు, పట్టములు మనకు స్ఫురించును. పల్లెకు దానితో నేమి పని యని పంచాయతీ సభ్యులు కొందరడుగవచ్చును. స్వర్ణ, సాంబమసూరి అను పేర్లు వినని వరిరైతు తెలుగునాట అరుదు. ఆ రెండును విశ్వవిద్యాలయపు పరిశోధన క్షేత్రములందు రూపొందినవే. ఆ సంబంధమెట్టిదో, దానిని గ్రామము ఎట్లు వినియోగించుకొనవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పరిశోధన ఫలము

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో 1925లో వరి పరిశోధన స్థానము నెలకొల్పబడెను. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత ఇట్టి పరిశోధన స్థానములు దాని పాలనలోనికి వచ్చినవి. 1982లో మారుటేరునుండి స్వర్ణ, 1986లో బాపట్లనుండి సాంబమసూరి విడుదలయ్యెను. స్వర్ణ మన డెల్టాలను దాటి ఒడిశా, బెంగాలు పొలములకును వ్యాపించినది. 2014లో రాష్ట్ర విభజన జరుగగా, నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయము, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయము ఈ కృషిని కొనసాగించుచున్నవి.

దిగుబడి ఒక్కటే చాలదు

పంట పండుట ఒక యెత్తు, పండిన పంట నిలుచుట ఒక యెత్తు. సాంబమసూరి బియ్యము సన్నము, అన్నము రుచికరము. కాని బాక్టీరియా ఎండాకు తెగులునకు ఆ పైరు సులభముగా లొంగిపోవును. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, కణ, అణుజీవశాస్త్ర కేంద్రమును కలిసి తెగులును తట్టుకొను మూడు జన్యువులను దానిలో చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని వెలువరించెను. ఆ జన్యువులలో ఒకటి ఆఫ్రికాలోని అడవి వరినుండి వచ్చినది.

స్వర్ణ కథయు ఇట్టిదే. వరదలో మునిగి కుళ్లిపోవు ఆ పైరునకు, ఒడిశా రైతుల నాటు వరిలోని ఒక గుణమును జతచేయగా, ఇంచుమించు రెండు వారములు మునిగినను తిరిగి చిగురించు స్వర్ణ సబ్-1 తయారైనది. అది 2009లో విడుదలయ్యెను. నాటు రకములను అలక్ష్యము చేయరాదని దీనివలన తెలియుచున్నది. ఊరిలో ఎవరో ఒకరు ఇంకను నిలుపుకొన్న పాత విత్తనము రేపటి పంటను కాపాడవచ్చును.

ఊరంతయు ఒకే రకము వేసినచో ఒకే తెగులు ఊరినంతటిని ముంచగలదు. యూరియా మోతాదు మించినచో ఎండాకు తెగులు, దోమపోటు ఉధృతమగును. అట్టి యేడు కౌలురైతు నష్టము అందరికంటె అధికము. పంట పోయినను కౌలు, అప్పు మిగులును.

పంచాయతీ కర్తవ్యము

రాజ్యాంగపు 73వ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు కలవు. వానిలో మొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. కావున ఈ దిగువ పనులు పంచాయతీ పరిధిలోనివే.

1. మట్టి పరీక్ష: వేసవిలో, ఎరువు వేయక మునుపు, ఎకరమునకు ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారపు గుంటలు పదునైదు సెంటీమీటర్ల లోతున త్రవ్వి, వాని అంచులనుండి మట్టి తీయవలెను. గట్ల ప్రక్కను, చెట్ల నీడను, పెంటకుప్పల చోటను తీయరాదు. ఆ మట్టినంతయు కలిపి నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తొలగించుచు, అరకిలో మిగిల్చి పంపవలెను. ఫలితము వచ్చిన పిమ్మట దానిని గ్రామసభలో చదివించవలెను.

2. విత్తనము: సూటిరకపు వరిలో మేలైన విత్తనమును ఊరనే వృద్ధిచేసికొనవచ్చును. ఇద్దరు ముగ్గురు రైతులచే విత్తనపు మడి పెట్టించి, బెరుకులు ఏరించి, మూడేండ్లకొకమారు క్రొత్త విత్తనము తెప్పించవలెను. సంకరరకముల గింజను మరల విత్తనముగా వాడరాదు.

3. శాస్త్రజ్ఞులతో రాకపోకలు: దేశమున మొదటి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరిలో ప్రారంభమైనది. నేడు ఇట్టి కేంద్రములు జిల్లాలలో గలవు. పంటకాలమునకు ముందొకమారు, పైరు మీదనున్నపుడొకమారు అచ్చటి శాస్త్రజ్ఞులను పొలములకు ఆహ్వానింపవలెను. ఆ సమావేశమునకు కౌలురైతులును, నాట్లు కలుపులు చేయు స్త్రీలును తప్పక రావలెను. తెగులును ముందుగా కనిపెట్టునది చేనిలో వంగి పనిచేయువారే.

4. సమస్యల పుస్తకము: ఏ రకము పడిపోయినది, ఏ నేల చౌడెక్కినది, ఏ చేను ఎన్ని దినములు మునిగినది, పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకములో వ్రాయించి, ఏటేట పరిశోధన స్థానమునకు పంపవలెను.

ఈ నాలుగింటిలో చివరిది మిక్కిలి ముఖ్యమని మా అభిప్రాయము. పైరు మునుగుచున్నదని రైతులు తెలిపినపుడే వరదను తట్టుకొను వంగడపు అవసరము స్పష్టమగును. ప్రశ్న పొలమునుండి పుట్టవలెను. సమాధానము పరిశోధన స్థానమునుండి రావలెను. ఈ రెంటి నడుమ బాట వేయు బాధ్యత మీది. రాబోవు గ్రామసభలోనే ఆ పుస్తకమును తెరువుడని కోరుచున్నాము.