రోగి ఎరుగని రోగం

మానవుని ఆయుష్షులో దాదాపు మూడవ వంతు నిద్రలోనే గడుస్తుంది. ఆ మూడవ వంతు సరిగా గడవకపోతే మిగిలిన రెండు వంతులూ చెడిపోతాయి. పరీక్షల కాలంలో ఈ సంగతి విద్యార్థులకు అనుభవంలోకి వచ్చేదే. అయితే రాత్రి ఎనిమిది గంటలు మంచం మీదనే ఉండి కూడా నిద్ర చాలనివారు కొందరున్నారు. తమ నిద్ర మాటిమాటికీ తెగిపోతున్నదని వారికే తెలియదు. నిద్రలో శ్వాస ఆగిపోయే ఈ వ్యాధిని వైద్యులు స్లీప్ ఆప్నియా అంటారు. ఆప్నియా అనే మాటకు మూలం గ్రీకు భాష; శ్వాస లేకపోవడమని దాని అర్థం.

ఈ వ్యాధిని గుర్తించకుండా మన వాడుక మాటలే కొంత అడ్డుపడ్డాయేమో. "గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటే ఆదమరచి సుఖంగా నిద్రించాడని తెలుగులో భావం. ఉర్దూలో ఖర్రాటే తీస్తూ నిశ్చింతగా పడుకున్న మనిషిని చూసి గుర్రాలమ్ముకొని నిద్రపోతున్నాడంటారు. గురక వినబడగానే కుంభకర్ణుణ్ణి తలచుకొని నవ్వుకోవడం మనకు పరిపాటి. గురక పెట్టే ప్రతివారికీ ఈ వ్యాధి ఉన్నదని కాదు. కాని బిగ్గరగా సాగుతున్న గురక హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దం ఆవరించి, పిదప ఉక్కిరిబిక్కిరి అయినట్లు పెద్ద శబ్దంతో ఊపిరి తిరిగి వస్తున్నదంటే, అది నవ్వుకోవలసిన విషయం కాదు.

వ్యాధి స్వరూపం

ఈ వ్యాధి ప్రధానంగా రెండు విధాలు. ఊపిరి పీల్చమనే ఆజ్ఞ మెదడు నుండి రాకపోవడం ఒకటి. ఆజ్ఞ వచ్చినా కంఠంలో గాలి నడిచే దారి మూసుకుపోవడం రెండవది. ఎక్కువమందిలో కనిపించేది ఈ రెండవదే.

మనం నిద్రించినప్పుడు కంఠంలోని కండరాలు సడలుతాయి. నాలుక కొంత వెనుకకు జారుతుంది. దారి ఇరుకైనప్పుడు గాలి తాకిడికి మెత్తని భాగాలు అదిరి గురక పుడుతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఎదుర్రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది గాని గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. ప్రమాదాన్ని పసిగట్టిన మెదడు మనిషిని ఒక్క క్షణం మేల్కొలుపుతుంది. దారి తెరుచుకొని ఊపిరి ఆడుతుంది. మనిషి మరల నిద్రలోకి జారుతాడు. దారి మరల మూసుకుంటుంది. తెల్లవారి లేచిన తరువాత ఇందులో ఏదీ అతనికి జ్ఞాపకం ఉండదు.

ఊపిరి కనీసం 10 సెకండ్లపాటు ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి ఆగడం, బాగా సన్నగిల్లడం కలిపి గంటకు సగటున 5 నుండి 15 సార్లు జరిగితే స్వల్పమని, 15 నుండి 30 వరకు మధ్యస్థమని, 30కి మించితే తీవ్రమని విభజించారు. గంటకు 30 అంటే రెండు నిమిషాలకొకసారి అన్నమాట. 2019లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుండి 69 సంవత్సరాల వయస్సు గలవారిలో ఈ వ్యాధి ఏదో ఒక స్థాయిలో ఉన్నవారు సుమారు 93 కోట్ల 60 లక్షల మంది.

ఉదయం తలనొప్పి, నోరెండిపోవడం, పగటిపూట కునికిపాట్లు, మతిమరపు, చిరాకు దీని లక్షణాలు. రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం మున్నగు వాటితో దీనికి సంబంధమున్నది. వాహనం నడిపేవాడు ఒక్క క్షణం కునుకు తీస్తే కలిగే అనర్థం చెప్పనక్కరలేదు. స్థూలకాయులలో ఇది అధికమే గాని, దవడ చిన్నదైన బక్కపలుచని వారిలో సైతం కనిపిస్తుంది. తెలుగువారికి "సింహాసనం" (1986), "గ్యాంగ్ లీడర్" (1991) చిత్రాల పాటలతో సుపరిచితుడైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఈ వ్యాధియే.

చికిత్స పుట్టిన తీరు

నిద్రలో మనిషి శ్వాసను యంత్రాలతో నమోదు చేసి 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశాల పరిశోధకులు ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించారు. కాని చికిత్స మాత్రం కఠినమైనది. తీవ్రమైన రోగులకు గొంతు క్రింద రంధ్రం చేసి, దానిగుండా ఊపిరి పీల్చుకొనే ఏర్పాటు చేసేవారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వైద్యుడు కోలిన్ సల్లివాన్ కోతతో పనిలేని మార్గం కనుగొన్నాడు. ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలిని నిరంతరం పంపితే కంఠమార్గం మూసుకోదని, ఐదుగురు రోగులపై జరిపిన ప్రయోగాన్ని 1981లో "లాన్సెట్" పత్రికలో ప్రకటించాడు. దీనినే నేడు సీపాప్ యంత్రమంటున్నారు.

ఇది ప్రాణవాయువు సిలిండరు అని కొందరు భ్రమపడతారు. అది నిజం కాదు. గదిలోని గాలినే ఇది ఒత్తిడితో పంపుతుంది. గాలిలేని సైకిల్ ట్యూబు గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. గాలి కొడితే విడిపోతాయి. కంఠంలోనూ జరిగేది అంతే. యంత్రం ఆపితే వ్యాధి మరల కనబడుతుంది. కళ్ళజోడు చూపునిచ్చేది పెట్టుకున్నంతసేపే కదా! ఇదీ అంతే.

అలవాటు చేసుకొనే విధానం

ఈ చికిత్సలో కష్టమంతా అలవాటు చేసుకోవడంలోనే ఉన్నది. ముఖానికి మాస్కు, తలచుట్టూ పట్టీలు, ముక్కులోకి గాలి: మొదటి రాత్రి ఎవరికైనా ఊపిరాడనట్లే తోస్తుంది. మూడు రాత్రులు ప్రయత్నించి యంత్రాన్ని బీరువాలో దాచేవారు కొందరు. అందుచేత మొదట పగటిపూట, మెలకువగా ఉండి, ఏదైనా చదువుకుంటూ పావుగంట మాస్కు పెట్టుకొని చూడాలి. తరువాత యంత్రం నడిపించి గాలికి అలవాటుపడాలి. పిమ్మట మధ్యాహ్నపు కునుకులోను, ఆపైన రాత్రి నిద్రలోను వాడాలి. తక్కువ ఒత్తిడితో ప్రారంభమై క్రమంగా పెరిగే సదుపాయం చాలా యంత్రాలలో ఉన్నది.

పట్టీలు ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. అతిగా బిగిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. గాలి కారడమూ ఆగదు. పడుకున్న భంగిమలో, గాలి వస్తుండగా మాస్కు సరిచూసుకోవాలి. గడ్డం ఉన్నవారికి మాస్కు అంచు సరిగా ఆనక గాలి కారవచ్చు. అటువంటివారు గడ్డం తీయించుకోనవసరం లేదు. ముక్కుపుటాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కులు దొరుకుతాయి. ముక్కు ఎండిపోతే గాలికి తేమ కలిపే అమరిక ఉన్నది; అందులో శుద్ధజలం పోయాలి. నిద్రలో నోరు తెరిచే అలవాటుంటే నోటినీ ముక్కునూ కలిపి కప్పే మాస్కు అడగాలి. మాస్కును ప్రతిదినం తేలికపాటి సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. రంజాన్ మాసంలో నిద్ర రెండు ముక్కలవుతుంది. సహరీకి లేచి తీసిన మాస్కును మరల పడుకొనేటప్పుడు మరువక తగిలించుకోవాలి. పగటి మగతనంతా ఉపవాసానికే అంటగట్టడం తగదు.

దీనివల్ల సర్వరోగాలూ పోతాయని చెప్పడానికి వీలులేదు. గుండెజబ్బు లేదా పక్షవాతం మున్నగునవి అంతకుముందే ఉన్న 2,717 మందిపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పగటి మగత తగ్గింది, జీవితం మెరుగుపడింది. కాని గుండెపోటు వంటి ఘటనలు తగ్గినట్లు తేలలేదు. అయితే వారు రాత్రికి సగటున మాస్కు వాడినది 3.3 గంటలే. సగం నిద్రకు చేసిన చికిత్సతో పూర్తి మేలు కోరడం న్యాయం కాదు. బరువు తగ్గడం, ప్రక్కకు తిరిగి పడుకోవడం, మద్యానికి దూరంగా ఉండడం, వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్రలు వాడకపోవడం కూడా అవసరమే.

ఇంటివారి బాధ్యత

జ్వరం వస్తే రోగికే మొదట తెలుస్తుంది. ఈ వ్యాధి మాత్రం రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కాబట్టి ప్రక్కగదిలో మేల్కొని చదువుకొనే విద్యార్థియే దీనికి మొదటి సాక్షి. తండ్రిగారి గురక మధ్యలో ఆగితే గడియారం చూడండి. ఎన్ని సెకండ్లు ఆగినదో, ఎన్నిసార్లు ఆగినదో వ్రాసుకొని వైద్యునికి చెప్పండి. తల్లుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఆడవారు గురక పెడతారని పైకి చెప్పుకోవడమే నామోషీగా తలచే ఇళ్ళున్నాయి. నడివయస్సు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి పెరుగుతుంది. వారిది అలసటగానో నిద్రలేమిగానో మాత్రమే పైకి కనబడి మరుగున పడిపోతుంది. పిల్లలలో టాన్సిల్స్ పెరిగి ఊపిరాడక, పాఠంపై మనస్సు నిలవక, మొద్దులని పేరు తెచ్చుకొనేవారూ లేకపోలేదు.

నిద్రలో శ్వాసను కొలిచే పరీక్ష పెద్ద ఆసుపత్రులలో చేస్తారు. అందులో నొప్పి ఏమీ ఉండదు. చికిత్స ప్రారంభమైన తరువాత ఇంటివారు మాస్కును చూసి ఏనుగు తొండమని పరిహాసం చేయకుండా ఉంటే అదే గొప్ప సహాయం. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. రాత్రి తరువాత రాత్రి నిద్రకు దూరమైన దేహం, కొన్నాళ్ళు ఓపిక పడితే, మాస్కుతోనే హాయిగా నిద్రపోవడం నేర్చుకుంటుంది. ఆ కొన్నాళ్ళు రోగికి తోడుగా నిలవడం ఇంట్లో చదువుకున్న బిడ్డల కర్తవ్యం.