గింజ బరువు – అరుదైన అడవి మొక్కలు

తొలకరి కురిసినంతనే బంజరు భూమిలో జిల్లేడు, వయ్యారిభామ తమంత తామే మొలచును. కాని ఊరి కొండపై ఇప్పచెట్టు పోయినచోట మరొక ఇప్పచెట్టు వచ్చుట కష్టము. ఈ తేడాకు గల కారణములలో గింజ బరువు ఒకటి. పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరమని మేము తలచుచున్నాము.

గింజలకై ఏ మొక్కయైనను వెచ్చించగల ఆహారము పరిమితము. దానిని వేల గింజలకు పంచినచో ఒక్కొక్కటి తేలికయగును; కొద్ది గింజలకు పంచినచో బరువగును. వయ్యారిభామ మొక్క ఒక్కటే వేలకొలది గింజలను రాల్చును. జిల్లేడు గింజ దూదితో గాలిలో తేలిపోవును. అయితే వీని మొలకకు నిలువ ఆహారము స్వల్పము. వెంటనే ఎండ తగిలిన గాని బ్రతుకదు. ఇప్పగింజ సుమారు రెండు గ్రాములుండును. అది తల్లిచెట్టు క్రిందనే పడును, లేదా గబ్బిలములు కొంతదూరము మోసికొనిపోవును. కాని మొలచిన పిదప ఆ నిలువ బలముతో వేరును లోతుకు దించును. బయలు నేలల మొక్కలకు చిన్న గింజలు, అడవి నీడన పెరుగువానికి పెద్ద గింజలు ఉండుట సామాన్యమని ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు సాలిస్‌బరీ 1942లో ప్రకటించిన గ్రంథమున చూపెను.

అట్లని బరువు గింజల మొక్కలన్నియు అరుదైనవని భావించరాదు. మామిడి టెంక బరువైనదే. మనము నాటుటచే అది ఊరూర కలదు. ఆర్కిడ్ గింజలు ధూళివంటివి. తగిన శిలీంధ్రము తోడు లేనిదే మొలవవు, కనుక వానిలో పెక్కు అరుదైనవి. మొక్కకు తగిన చోటు, గింజను మోయు ప్రాణి, మనుష్యుని నడవడి కూడ లెక్కలోనికి వచ్చును.

తిరుపతి, కడప ప్రాంతపు కొండలలో ఈతను పోలిన సైకస్ బెడ్డోమీ అను మొక్క కలదు. అది సహజముగా మరెక్కడను పెరుగదు. దాని గింజ పెద్దది, దూరము పోజాలదు. ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. మందులకని మగ శంకువులను కోసికొనిపోయినచో పుప్పొడి కరవై ఆడమొక్కకు గింజ పట్టదు. ఆ కొండపై మొక్క నశించినచో వేరొక చోటినుండి గింజ వచ్చి మొలచు ఆశ లేదు.

కావున సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద గ్రామమున ఉంచు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో బరువు గింజల తల్లిచెట్లను, అవి ఉన్న చోట్లను వ్రాయించవలెను. వాని క్రింద ఆకుచెత్తకు నిప్పు పెట్టనీయరాదు. గింజలను ఏరుకొనువారు కొన్నింటిని నేలకు విడువవలెను. ఇప్పగింజ నిలువయున్నచో మొలచు శక్తిని త్వరలో కోల్పోవును; ఏరిన వెంటనే వానకాలమున నాటవలెను.

జిల్లేడుకు గాలి చాలును. బరువు గింజకు గ్రామస్థుల కాపుదల కావలెను.