ఎలుక చేప – కుందేలు చేప

వేర్వేరు జంతువుల అవయవాలను కూర్చి, వెండితెర కోసం వింతజీవులను సృష్టించే కళాకారులు హైదరాబాదులోని కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. ప్రాచీన గ్రీకు కవులు కూడా అటువంటి మృగాన్నే ఊహించారు. సింహపు తల, మేక మొండెం, సర్పపు తోక గల ఆ మృగం పేరు కైమీరా. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చేపకు 'కైమీరా మాన్‌స్ట్రోసా' అని నామకరణం చేశాడు. దీనినే కుందేలు చేప అంటారు. దీని దాయాది 'హైడ్రోలాగస్ కొల్లియై' అనే చుక్కల ఎలుక చేప.

ఈ రెండింటికీ పోలికలు అనేకం. రెండూ సొరచేపలకు దూరపు బంధువులు. వీటి అస్థిపంజరం ఎముకతో గాక మృదులాస్థితో నిర్మితమైంది. పెద్ద కన్నులు, సన్నని తోక, వీపుపై విషపు ముల్లు రెండింటికీ ఉన్నాయి. మగచేపల నుదుటిపై ఒక చిన్న కొక్కెం ఉంటుంది. ఎలుక చేప కొక్కెంపై ఉన్నవి నిజమైన దంతాలేనని 2025లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది.

ఇక భేదాలను పరిశీలిద్దాం. కుందేలు చేపకు పాయువాజం, పుచ్ఛవాజం నడుమ ఒక నొక్కు ఉంటుంది. ఎలుక చేపకు విడిగా పాయువాజం లేదు. మొదటిది తోకతో కలిపి ఒకటిన్నర మీటర్ల వరకు పెరుగుతుంది. వెండివన్నె దేహంపై గోధుమరంగు చారలుంటాయి. రెండవది ఒక మీటరుకు మించదు. గోధుమవన్నె దేహంపై తెల్లని చుక్కలుంటాయి. మొదటిది ఈశాన్య అట్లాంటిక్, మధ్యధరా సముద్రాలలో, సాధారణంగా 300 నుండి 500 మీటర్ల లోతున నివసిస్తుంది. రెండవది అలాస్కా నుండి మెక్సికో వరకు గల పసిఫిక్ తీరంలో ఉంటుంది. తెలుగువారు అనేకులు స్థిరపడిన సియాటిల్ చెంత, ప్యూజెట్ సౌండ్ జలాలలో ఇది విస్తారంగా కనిపిస్తుంది.

రూపం కన్న ముఖ్యమైన భేదం వీటి భవితవ్యంలో ఉంది. ఎలుక చేపకు ప్రస్తుతం ప్రమాదం స్వల్పమని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం నిర్ణయించింది. కుందేలు చేపను మాత్రం ముప్పునకు గురికాగల జాతిగా ప్రకటించింది. ఇతర చేపల కోసం లోతున లాగే వలలలో ఇది చిక్కి మరణిస్తున్నది. ఇది మెల్లగా ఎదిగే జీవి గనుక తరిగిన సంఖ్య త్వరగా పూడదు. దాయాదులనుకొని రెండింటినీ ఒకే గాటన కడితే, ఒకదాని సమృద్ధి వెనుక మరొకదాని క్షీణత మరుగున పడుతుంది. జాతులను వేరుచేసి గుర్తించడం కేవలం పాండిత్యం కాదు, సంరక్షణకు తొలి మెట్టు.

ప్రశ్నలు
1. ఎలుక చేప, కుందేలు చేపల మధ్య గల పోలికలను, భేదాలను వివరించండి.
2. జాతులను వేరుగా గుర్తించడం ఎందుకు అవసరమో తెలపండి.