జూ బయాలజీలో పీజీ చేయాలంటే?

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. జూ బయాలజీలో పీజీ చేయాలని ఉంది. దారి చెప్పండి. – ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: సరిగ్గా ఆ పేరున్న కోర్సు కోసమే వెతికి నిరాశపడొద్దమ్మా. మన దగ్గర ఎక్కువమంది ఎమ్మెస్సీ జువాలజీ, వైల్డ్‌లైఫ్ సైన్స్ చదివే జూ పరిశోధనకు వస్తారు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థను తప్పక చూడండి.

మీకు దగ్గర్లో హైదరాబాద్ ఉంది. అత్తాపూర్‌లోని సీసీఎంబీ ప్రయోగశాల లాకోన్స్‌లో జంతువు మీద చెయ్యి వేయకుండానే, పేడలోని హార్మోన్లు కొలిచి అది చూలుతో ఉందో, ఒత్తిడిలో ఉందో తెలుసుకుంటారు. నెహ్రూ జూపార్కుతో కలిసి 2010లో మొదలుపెట్టిన మూషిక జింకల పునరుత్పత్తి, వాటి సంతతిని అమ్రాబాద్ అడవిలో వదిలేదాకా వెళ్ళింది. జూ బయాలజీ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చిన్న జింకే.

స్టాటిస్టిక్స్, జన్యుశాస్త్రం గట్టిగా చదవండి. ఎందుకంటే జూలో ఏ మగ జంతువును ఏ ఆడ జంతువుతో కలపాలో తేల్చేది స్టడ్‌బుక్కులోని వంశ వివరాలే. ఈలోగా అనుమతి తీసుకుని ఏదైనా జూలో ఒకే జంతువును నెలరోజులు గమనించండి. పది నిమిషాలకోసారి అదేం చేస్తోందో రాసుకోండి. సందేహం వస్తే ముందు దాని కీపర్‌నే అడగండి. ఆ నోటుపుస్తకం ఇంటర్వ్యూకి తీసుకెళ్ళండి.