వి.ఎస్. రమాదేవి: ముసాయిదా గదుల్లోంచి వచ్చిన గవర్నర్

ఘంటసాల



వి.ఎస్. రమాదేవి మొదట హిమాచల్ ప్రదేశ్‌కు, ఆ తరవాత కర్ణాటకకు గవర్నర్‌గా పనిచేసిన తెలుగు మహిళ. 1934 జనవరి 15న చేబ్రోలులో పుట్టారు. చేబ్రోలు అనగానే కృష్ణా తీరం వాళ్లకు గుంటూరు పక్కనున్న ఊరే గుర్తుకొస్తుంది గాని, ఇది అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలు. చదువు ఏలూరులో, హైదరాబాదులో సాగింది. న్యాయశాస్త్రం పూర్తిచేసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అడ్వొకేటుగా నమోదయ్యారు. తెలుగులో రచనలు కూడా చేశారు.

గవర్నర్లలో ఎక్కువమంది రాజకీయాల్లో పండి ఆ పదవికి వచ్చినవాళ్లే. 1947 ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాలకు, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు, గవర్నరైన సరోజినీ నాయుడు దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ. హైదరాబాదులో పుట్టిన ఆమెకు అంతకుముందే కాంగ్రెస్ అధ్యక్షురాలిగా పేరుంది. ఆంధ్రప్రదేశ్‌కు 1977లో వచ్చిన శారదా ముఖర్జీ, 1985లో వచ్చిన కుముద్‌బెన్ జోషి కూడా పార్లమెంటు చూసి వచ్చినవాళ్లే. రమాదేవి వెనక పార్టీ లేదు, నియోజకవర్గం లేదు. ఉన్నదల్లా చట్టం చదవడం, రాయడం తెలిసిన ముప్పయ్యేళ్ల పని. లా చదివే ఆడపిల్ల ఆమె జీవితంలో గమనించవలసింది ఈ భాగమే.

ఆమె కేంద్ర న్యాయశాఖలో చేరి, బిల్లులు తయారయ్యే శాసన విభాగంలో పైకి వచ్చారు. అక్కడి పని బయటికి కనిపించదు. మంత్రి సభలో ప్రవేశపెట్టే బిల్లులో ప్రతి వాక్యం ముందుగా ఆ గదుల్లోనే ముసాయిదాగా పుడుతుంది. అక్కడ ఒక్క మాట తేడాగా పడితే ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడుస్తాయి. జస్టిస్ డి.ఎ. దేశాయ్ అధ్యక్షతన నడిచిన లా కమిషన్‌లో ఆమె సభ్య కార్యదర్శి. ఎన్నికల చట్టాలపై ఎస్.కె. మెందిరత్తాతో కలిసి రాసిన ‘హౌ ఇండియా ఓట్స్’ ఆ అనుభవమున్నవాళ్లే రాయగల పుస్తకం.

1990 నవంబరులో ప్రధాన ఎన్నికల కమిషనర్ పేరిశాస్త్రి పదవిలో ఉండగానే కన్నుమూశారు. అప్పటికి ఎన్నికల సంఘంలో వేరే కమిషనర్లు లేరు. ఆయన పోవడంతో సంఘమే ఖాళీ అయింది. చంద్రశేఖర్ ప్రభుత్వం వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. నవంబరు 26న రమాదేవికి ఆ బాధ్యత అప్పగించారు. డిసెంబరు 11 దాకా, అంటే 16 రోజులు, ఆమె ఆ పదవిలో ఉన్నారు. మర్నాడు టి.ఎన్. శేషన్ వచ్చారు, ఎన్నికల నిబంధనలను గట్టిగా అమలుచేసిన ఆయన కథ అందరికీ తెలిసిందే. శేషన్ వెలుగులో ఆమె పేరు మరుగున పడింది. అయినా ఆ కుర్చీలో కూర్చున్న మహిళ నేటికీ ఆమె ఒక్కరే.

1993లో రాజ్యసభ సెక్రటరీ జనరల్ అయ్యారు. ఆ పదవిలోనూ ఆమే తొలి మహిళ. సభాధ్యక్షుడికి నిబంధనలు, పూర్వ సంప్రదాయాలు విప్పిచెప్పే ఉద్యోగం అది. అప్పటి సభాధ్యక్షుడు ఉపరాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్. 1997 జూలై 25న ఆయన రాష్ట్రపతి అయ్యారు. మరునాడే రమాదేవి సిమ్లాలో గవర్నర్‌గా ప్రమాణం చేశారు.

గవర్నర్ పదవి కాలవ తలుపులు ఎత్తి దించే లస్కరు పని లాంటిది. నీళ్లు అతనివి కావు, ఏడాదిలో చాలా రోజులు తలుపు ముట్టుకోవలసిన అవసరమే రాదు. వరదొచ్చిన నాడు మాత్రం ఏ తలుపు ముందు ఎత్తాలో అతనే తేల్చాలి. రాజ్యాంగం 163వ అధికరణం ప్రకారం మంత్రివర్గం సలహా మేరకే గవర్నర్ నడవాలి. 164 ప్రకారం ముఖ్యమంత్రిని నియమించేదీ గవర్నరే. ఎవరికీ మెజారిటీ రాని సభ ఏర్పడినప్పుడే ఈ రెండో అధికరణానికి అసలు బరువు తెలుస్తుంది.

1998లో హిమాచల్‌లో సరిగ్గా అదే జరిగింది. 68 స్థానాల అసెంబ్లీలో కాంగ్రెస్‌కు గాని, బీజేపీకి గాని సొంత బలం రాలేదు. సుఖ్‌రామ్ పెట్టిన హిమాచల్ వికాస్ కాంగ్రెస్ ఎటు మొగ్గితే అటే ప్రభుత్వం. మొదట కాంగ్రెస్‌కు చెందిన వీరభద్రసింగ్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు గాని నిలవలేకపోయారు. సుఖ్‌రామ్ పార్టీ మద్దతుతో మార్చి 24న బీజేపీకి చెందిన ప్రేమ్ కుమార్ ధూమల్ ప్రభుత్వం ఏర్పడింది. బలం తేలవలసింది శాసనసభలోనే గాని రాజ్‌భవన్‌లో కాదని ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. న్యాయ విద్యార్థి ఆ తీర్పును, 1998 నాటి హిమాచల్ పరిణామాలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మై తీర్పు ఉంటుంది, దాని పక్కన సిమ్లా కనిపించదు.

1999 డిసెంబరులో ఆమె కర్ణాటకకు మారారు. ఆ రాష్ట్రానికి ఆమే తొలి మహిళా గవర్నర్. ముఖ్యమంత్రి కాంగ్రెస్‌కు చెందిన ఎస్.ఎం. కృష్ణ, కేంద్రంలో వాజపేయి ప్రభుత్వం. ఆమెను గవర్నర్‌గా మొదట నియమించింది ప్రధాని గుజ్రాల్ హయాంలో, కొనసాగించింది వాజపేయి హయాంలో. రాష్ట్రపతి ఇష్టమున్నంత కాలమే ఉండే పదవిలో, ఢిల్లీలో ప్రభుత్వం మారినా నిలవడం అంత తేలిక కాదు. ఏ పార్టీ ముద్రా లేకపోవడం ఇక్కడ అక్కరకొచ్చి ఉండాలి. 2002 ఆగస్టు వరకు అక్కడే ఉన్నారు. 2013 ఏప్రిల్ 17న బెంగుళూరులో మరణించారు.

గవర్నర్ పదవికి దరఖాస్తు ఉండదు. 35 ఏళ్లు నిండిన భారత పౌరులైతే చాలు; మిగతాదంతా నియమించేవాళ్ల చేతిలో ఉంటుంది. రమాదేవి నడిచిన మొదటి సగం దారి మాత్రం ఇప్పటికీ తెరిచే ఉంది. శాసన విభాగంలో ముసాయిదాలు రాసేది 1957లో ఏర్పడిన ఇండియన్ లీగల్ సర్వీసువాళ్లు. దానికి ఎంపిక యూపీఎస్సీ ద్వారా జరుగుతుంది. లా డిగ్రీ ఒక్కటే సరిపోదు, కొన్నేళ్ల న్యాయవాద అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి పట్టా చేతికి రాగానే ఢిల్లీ కోచింగు సెంటర్లకు పరుగెత్తడం కన్నా, మచిలీపట్నం జిల్లా కోర్టులో మంచి సీనియర్ దగ్గర చేరడమే ముందు జరగవలసిన పని.

ఇట్లు,
తాతయ్య