పాత వీధుల ఛాయాచిత్రములను జూచు విధము

పొడవైన వసారా యొక కొనను నిలిచి రెండవ కొనవైపు చూడుడు. ఇరుప్రక్కల స్తంభములు దూరము పోవుకొలది చిన్నవై, యొకదాని నొకటి సమీపించునట్లు తోచును. నిజమునకు వసారా వెడల్పు ఎచ్చటను తగ్గలేదు. ఈ దృష్టిధర్మము చేతనే ఛాయాచిత్రము చదునైన కాగితముపై దూరమును చూపగలుగుచున్నది.

స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున థామస్ అన్నన్ అను ఛాయాచిత్రకారుడు 1868 మొదలు 1871 వరకు పాత వీధులను, ఇరుకు సందులను చిత్రించెను. 1866వ సంవత్సరపు శాసనము ననుసరించి పడగొట్టదలచిన యిండ్ల రూపమును ముందుగా చిత్రములందు నిలుపుటయే ఆ పని.

అతడు కెమెరాను తరచుగా సందు మొగదల నేలమీదనే నిలిపెను. రాతిగోడల రేఖలును, నడుమ మురుగుకాలువయు మన చూపును లోనికి గొనిపోవును. ఎత్తైన గోడల నడుమ వెలుగు మీదినుండి మాత్రమే దిగును. సందులో నిలిచిన మనుష్యులు ఆ గోడల యెత్తునకు కొలబద్దలవంటివారు.

ఆ కాలమున గాజుపలకకు మందు పూసి, తడి యారకమునుపే చిత్రము తీయవలసియుండెను. చీకటి సందులలో పలకకు చాలసేపు వెలుగు సోకవలెను. అంతలో కదలిన బిడ్డ మసకమరకయై పోవును. 1838లో డాగ్యేరు పారిసునందు మేడకిటికీనుండి తీసిన వీధిచిత్రమునను ఇట్లే జరిగినది. రాకపోకలు సాగు వీధి నిర్జనముగా కనబడును. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన యొకడు మాత్రము చిత్రమున నిలిచెను.

కావున కెమెరా యెచ్చట నిలిచినది? వెలుగు ఏ దిక్కున వచ్చినది? రేఖ లెచ్చట కలిసినవి? అని మొదట విచారింపుడు. నేనీ పాఠము చెప్పినప్పు డొక బాలుడు, "అయ్యా, ఇండ్లు పడగొట్టిన పిమ్మట వీరెచ్చటికి పోయిరి?" అని యడిగెను. నేను మరచిన ప్రశ్న యదియే! వెడలగొట్టబడిన వారికి సరిపడునన్ని క్రొత్త యిండ్లు వెంటనే కట్టింపబడలేదు. పెక్కుమంది సమీపమునందలి యిరుకు పేటలనే చేరిరి.

రేఖలు మన చూపును సందు చివరి వెలుగునకు త్వరగా నడిపించును. చూపు అచ్చటికి చేరిన పిదప మరల వెనుకకు రండు. గోడప్రక్కన మసకబారిన ఆ బిడ్డయొద్ద కొంతసేపు నిలువుడు. చిత్రమును చూచుట అప్పుడే పూర్తియగును.