భాగవత కైంకర్యము - సంఘసేవ

శేషుడైన జీవుడు శేషియైన భగవానునకు చేయు సేవ కైంకర్యము. గోష్ఠీపురమున గోపురమెక్కి మంత్రార్థమును అందఱకు వినిపించిన శ్రీమద్రామానుజులు దయకు హద్దు లేదని చూపిరి.

నకిరేకల్ గల నల్లగొండ జిల్లాలో పెక్కు గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించినది. ఆ నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు వంగినవి, కీళ్లు బిగిసినవి. 1970ల దశకమున పటికతో, సున్నముతో నీటిని శుద్ధిచేయు ‘నల్లగొండ పద్ధతి’ వచ్చినది. పిమ్మట కృష్ణాజలము వచ్చినది. అయినను వంగిన ఎముక నిటారు కాదు.

అట్టివారి గడప త్రొక్కి, పింఛను పత్రములు వ్రాయించి, వైద్యునికడ చేర్చువారు శిక్షణ పొందిన సంఘసేవకులు. జీతము గైకొన్నంతనే అది కైంకర్యము కాకపోదు. అర్చకుడును సంభావన గైకొనును కదా! వారు అలసిన నాడు మంచము పట్టినవానికి దిక్కెవరు?

కావున యాత్ర ముగించి ఇల్లు చేరిన భక్తులు వారికి చేయూతనిత్తురు గాక. అదియు స్వామి సేవయే.